గుట్టు విద్యకు బరిలో పరీక్ష: కుంగ్‌ఫూ సినిమా ఆకర్షణ ఎలా మారింది

1987లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘లీథల్ వెపన్’ ఆఖరి ఫైటు ఓ వింత పట్టుతో ముగుస్తుంది. నేల మీద పడి ఉన్న హీరో, విలన్ మెడనూ ఒక చేతినీ కలిపి తన రెండు కాళ్ల మధ్య ఇరికించి బిగిస్తాడు. దాని పేరు ట్రయాంగిల్ చోక్. ఎగిరి తన్నడమే గొప్ప విద్యగా చలామణి అవుతున్న రోజుల్లో అది దెబ్బలాగే కనిపించలేదు. ఆ పట్టు నేర్పింది బ్రెజిల్ నుంచి అమెరికా వచ్చి జియు జిట్సు (నేల మీది పట్ల విద్య) చెబుతున్న రోరియన్ గ్రేసీ.

ఏడేళ్ల తర్వాత, 1994 డిసెంబర్ 16న, వేర్వేరు పోరు విద్యల వాళ్లు తలపడే అమెరికా పోటీ యూఎఫ్‌సీ నాలుగో విడత ఫైనల్లో రోరియన్ తమ్ముడు రాయిస్ గ్రేసీ సరిగ్గా అదే పట్టుతో డాన్ సెవెర్న్ చేత ఓటమి ఒప్పించాడు. సెవెర్న్ పేరుమోసిన కుస్తీ వస్తాదు, బరువులో రాయిస్ కంటే 30 కిలోలకు పైగా ఎక్కువ. రాయిస్ దాదాపు 16 నిమిషాలు అతని కింద వెల్లకిలా పడుకునే ఉన్నాడు. పోటీ అనుకున్న సమయం దాటిపోవడంతో డబ్బు కట్టి చూస్తున్న ఎన్నో ఇళ్లలో ముగింపు రాకముందే ప్రసారం ఆగిపోయింది. నిజమైన పోరు ఎంత బలంగా నిరూపించగలదో, తెర మీద ఎంత విసుగు పుట్టించగలదో రెండూ ఆ ఒక్క రాత్రే తెలిశాయి. మార్షల్ ఆర్ట్స్ సినిమా తర్వాత పడిన పాట్లన్నీ ఈ రెంటి మధ్యనే.

అంతకుముందు ఈ సినిమాలు అమ్మిన సరుకేమిటో గుర్తు చేసుకోవాలి. ఒళ్లు గగుర్పొడిచే తన్నులు పైకి కనిపించేవి. వాటి వెనకున్నది ఒక నమ్మకం: ఎక్కడో ఒక మఠంలో, ఒక ముసలి గురువు దగ్గర, బలహీనుడు బలవంతుణ్ని పడగొట్టే గుట్టు ఒకటి ఉంది, ఓపిగ్గా నేర్చుకుంటే మనకీ పట్టుబడుతుంది. ఆ గుట్టును ఎవరూ బహిరంగంగా పరీక్షకు పెట్టనంత కాలం దానికి ధర తగ్గలేదు.

పరీక్షకు పెట్టిన సందర్భాలు లేకపోలేదు. 1954 జనవరిలో మకావులో తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీ, తెల్లకొంగ శైలికి చెందిన చాన్ హక్‌ఫూ రింగులో తలపడ్డారు. హాంకాంగ్‌లో అంతకు కొన్ని వారాల ముందు అగ్నిప్రమాదంలో ఇళ్లు పోయినవాళ్ల సహాయనిధి కోసం పెట్టిన పోటీ అది. ఆ రీలు ఇప్పటికీ ఉంది. చూస్తే కొంగా కనపడదు, తాయ్‌చీ కనపడదు. ఇద్దరు పెద్దమనుషులు చేతులు విసురుకుంటారు, ముక్కున రక్తం కారుతుంది, రెండో రౌండ్‌లోనే ఆపేస్తారు. గెలుపోటములు ప్రకటించలేదు. అయితే ఆ పోటీ రేపిన వేడి చల్లారకముందే, మూడు రోజుల్లో, హాంకాంగ్ పత్రిక ఒకటి ల్యాంగ్ యూషెంగ్ చేత వీరగాథ సీరియల్ మొదలుపెట్టించింది. మరుసటి ఏడు అదే పత్రికలో జిన్ యోంగ్ రాయడం ప్రారంభించాడు. కొత్త తరం వూషియా (చైనా కత్తివీరుల కథల) నవలకు అదే పునాది అంటారు. ఆ నవలలే తర్వాతి దశాబ్దాల్లో కత్తియుద్ధాల సినిమాలకు కథలిచ్చాయి. బరి చూపలేని దాన్ని కథ చూపించింది, జనం కథనే నమ్మారు.

1976 జూన్ 26న టోక్యోలో బాక్సర్ మహమ్మద్ అలీ, రెజ్లర్ ఆంటోనియో ఇనోకీ తలపడినప్పుడూ అంతే. ఇనోకీ 15 రౌండ్లలో ఎక్కువ భాగం నేల మీదే ఉండి అలీ కాళ్లను తన్నాడు. అలీ విసిరిన పంచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డ్రా అని తేల్చితే జనం తిట్టిపోశారు. నిలబడి కొట్టేవాడికి, కింద పడుకున్నవాణ్ని ఏం చేయాలో తెలియదన్న అసలు పాఠాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

బ్రూస్ లీ మాత్రం ఆ పాఠాన్ని అంతకు మూడేళ్ల ముందే పట్టుకున్నాడు. 1973 నాటి ‘ఎంటర్ ద డ్రాగన్’ మొదటి ఫైటులో లీ, సామో హంగ్ ఇద్దరూ వేళ్లు బయటికి కనిపించే చిన్న గ్లోవ్స్ వేసుకుంటారు. ఆ పోటీ తన్నుతో ముగియదు. కింద పడేసి చేతిని కీలు దగ్గర మెలిపెడితే సామో నేల తట్టి ఓటమి ఒప్పుకుంటాడు. నేటి ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అన్ని విద్యలూ కలిపిన పోరు) పోటీ మొత్తం ఆ రెండు మూడు నిమిషాల్లో ఉంది. దాన్నెవరూ అనుకరించలేదు. అనుకరించిందల్లా ఆ పిల్లి కూతనీ, నాన్‌చాకునీ, దీవిలో జరిగే టోర్నమెంటునీ.

ఆ టోర్నమెంటు కథే తర్వాతి ఇరవై ఏళ్లు బతికింది. ఒక్కో దేశం నుంచి ఒక్కో శైలి, చివరికి ఎవరిది పైచేయి? 1988లో వాన్ డామ్ చేసిన ‘బ్లడ్‌స్పోర్ట్’ దీన్నే నిజంగా జరిగిన కథంటూ అమ్ముకుంది. ఆ అనుభవాలు తనవేనన్న ఫ్రాంక్ డక్స్ మాటల్లో నిజమెంతో అదే ఏడాది పత్రికలు నిలదీశాయి. టికెట్టు కొన్నవాడికి ఆ గొడవ అక్కర్లేదు. ఆ ప్రశ్నకు జవాబు చూపించే చోటు అప్పటికి సినిమా హాలొక్కటే.

1993 నవంబర్ 12న డెన్వర్‌లో ఆ ప్రశ్ననే పోస్టర్ మీదకెక్కించి మొదటి యూఎఫ్‌సీ పెట్టారు. ఎనిమిది మంది, బరువు తరగతులు లేవు, పాయింట్లు లేవు, బహుమతి 50,000 డాలర్లు. కొరకడం, కళ్లు పొడవడం మాత్రం కూడదు. మొదటి పోటీలో సవాట్ (ఫ్రెంచ్ కిక్‌బాక్సింగ్) వీరుడు గెరార్డ్ గోర్డో, సుమో యోధుడు టెయిలా టులీ కింద పడగానే మొహం మీద తన్నితే పన్ను ఎగిరి ప్రేక్షకుల వైపు పడింది. అంతా అయిపోవడానికి 26 సెకన్లు. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్‌సన్ ఒక చేతికే గ్లోవ్ వేసుకుని వచ్చాడు. సుమారు 80 కిలోల రాయిస్ అతన్ని కింద పడేసి మీదెక్కి కూర్చోగానే, ఒక్క గట్టి దెబ్బ తినకుండానే నేల తట్టేశాడు. ఫైనల్లో గోర్డో 1 నిమిషం 44 సెకన్లకు మెడ పట్టుకు లొంగిపోయాడు.

సన్నవాడు భారీకాయుణ్ని ఓడించడం సినిమా చెప్పిన కథే. గుట్టు విద్య ఉందన్నదీ నిజమే అయింది. కాకపోతే అది మఠంలో లేదు, చూడ్డానికి అందంగానూ లేదు. పైగా మూడు నాలుగేళ్లలో అందరూ నేర్చేసుకున్నారు. కుస్తీ వీరులు ఆ పట్లు విప్పుకోవడం, కిక్‌బాక్సర్లు టేక్‌డౌన్‌ను (కింద పడేసే ఎత్తును) కాళ్లు వెనక్కి విసిరి ఆపడం నేర్చారు. ఏ శైలి గొప్పదన్న ప్రశ్నకే అర్థం పోయింది. టోర్నమెంటు సినిమాను చంపింది ఇదే. జవాబు తెలియడం కంటే ప్రశ్న పాతబడటం దానికి ఎక్కువ నష్టం చేసింది.

చూసేవాడి కన్నూ మారింది. యూఎఫ్‌సీ బరి అయిన పంజరంలో నాలుగు పోటీలు చూసినవాడికి కొన్ని పాత అలవాట్లు మింగుడుపడవు. హీరో ఒట్టి పిడికిలితో యాభై పుర్రెలు పగలగొడతాడు. నిజానికి పుర్రె నుదుటి భాగం గట్టిది, చిటికెన వేలి వెనక ఎముక సన్నది, ముందు విరిగేది అదే. 113 గ్రాముల ఎంఎంఏ గ్లోవ్ తొడిగినా చేతులు విరుగుతూనే ఉంటాయి. అరగంట పోరాడినా సినిమా హీరోకి ఆయాసం రాదు. బరిలో ఐదు నిమిషాల రౌండ్లు మూడు అయ్యేసరికి చేతులు పైకి లేవవు. మెడ ఒక్క విసురుతో విరుస్తారు తెరమీద. మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు నొక్కితే సుమారు 10 సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు, చప్పుడేమీ ఉండదు. ఇక ఒకరి తర్వాత ఒకరు వరుసలో వచ్చి తన్నులు తినే రౌడీల సంగతి సరేసరి, అది ముందు నుంచీ అందరికీ తెలిసిన ఒప్పందమే.

అయినా ఈ మార్పు వెంటనే తెరమీదకు రాలేదు. 1996లో అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ ఈ పోటీలను మనుషుల కోడిపందెం అని తిట్టి, గవర్నర్లకు లేఖలు రాసి, కేబుల్ నుంచి దాదాపు వెళ్లగొట్టించాడు. 2000లో న్యూజెర్సీలో ఉమ్మడి నియమాలు వచ్చి, 2005లో టీవీ రియాలిటీ షోతో మళ్లీ ఇంటింటికీ చేరేదాకా అది మూలనే ఉంది. సరిగ్గా ఆ మధ్యకాలంలోనే సినిమా గాల్లోకి లేచింది: 1999లో ‘ద మేట్రిక్స్’, 2000లో ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో వెదురు చెట్ల కొనల మీద కత్తియుద్ధం. రెండింటికీ ఫైట్లు సమకూర్చింది యువెన్ వూపింగే. యూఎఫ్‌సీకి భయపడి సినిమా ఆకాశంలో దాక్కుందని కొందరు అంటారు గానీ, రోప్ షాట్లు హాంకాంగ్‌లో అంతకు చాలా ముందు నుంచీ ఉన్నవే. అయితే ఒక తేడా గమనించాలి. ఆ ఫైటు నిజంగా పనికొస్తుందా అని ఎవరూ అడగరు. అడగనక్కర్లేని కల్పనాలోకంలో అది జరుగుతుంది.

రెండో దారి 2003లో థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. టోనీ జా ‘ఓంగ్ బాక్’కు రోప్ లేదు, గ్రాఫిక్స్ లేదు అన్నదే ప్రచారం. ఈ శైలి ప్రపంచంలోకెల్లా గొప్పదని ఆ సినిమా వాదించదు. ఈ మనిషి నిజంగా ఇంత ఎత్తు ఎగిరాడు, నిజంగా ఆ మోకాలు తగిలింది అంటుంది. నిరూపణ విద్య నుంచి ఒంటి మీదకు మారింది. మార్షల్ ఆర్ట్స్ సినిమా ఈనాటికీ బతికి ఉందంటే ప్రధానంగా ఈ మార్పు వల్లేనని మా అభిప్రాయం. 2011లో ఇండోనేషియా పోరు విద్య సిలాట్‌తో వచ్చిన ‘ద రెయిడ్’ ఆ దారినే ఇరుకు వసారాల్లోకి తీసుకెళ్లింది. అందులో నటించిన జో తస్లిమ్ ఇండోనేషియా జాతీయ జూడో జట్టులో ఆడినవాడు.

మూడోది ఎంఎంఏనే నేరుగా ఫైట్లలోకి తేవడం. డానీ యెన్ 2005లో ‘ఎస్‌పీఎల్’, 2007లో ‘ఫ్లాష్ పాయింట్’ సినిమాల్లో టేక్‌డౌన్లు, ఆర్మ్‌బార్లు (మోచేయి విరిచే పట్లు), మెడపట్లు పెట్టాడు. ఇది ఎంత కష్టమో ఫైట్ మాస్టర్లకే తెలుసు.

పంచ్ తీయడం సులువు. కెమెరాను దెబ్బ తినేవాడి భుజం వెనక పెడితే, పిడికిలి మొహానికి జానెడు దూరంలో వెళ్లినా తగిలినట్టే ఉంటుంది. లెన్స్ పొడవు పెంచితే ఆ ఖాళీ ఇంకా నలిగిపోతుంది. సెకనుకు 22 ఫ్రేములు తీసి 24 చొప్పున ఆడిస్తే వేగం 9 శాతం పెరుగుతుంది, 20 తీస్తే 20 శాతం. అది దాటితే నడక కూడా గెంతినట్టు కనిపించి బండారం బయటపడుతుంది.

నేల మీది పట్టులో దాచడానికి ఖాళీ ఉండదు. ఒళ్లూ ఒళ్లూ అతుక్కుని ఉంటాయి, కెమెరాకు కనిపించేది వీపు. హీరో మొహం ప్రత్యర్థి చంకలో ఉంటుంది. ప్రాణం తీసే కదలిక రెండంగుళాలు మించదు. అందుకే సినిమా ఆర్మ్‌బార్‌లో అసలు దానికి లేని గాలిగిరికీ ఒకటి ముందు చేరుస్తారు. పట్టు ఎక్కడ పడబోతోందో ప్రేక్షకుడికి అప్పుడే అందుతుంది.

ప్రమాదమూ ఇక్కడ నిజమైనదే. అసలు ఆర్మ్‌బార్‌లో బొటనవేలు పైకి ఉంటుంది, మోచేయి పట్టినవాడి నడుము ఎముక మీద ఆనుతుంది, నడుము లేపితే కీలు తప్పుతుంది. షూటింగులో బొటనవేలిని పక్కకు తిప్పి, మోచేతిని ఎముక మీద ఆననివ్వకుండా తొడల మధ్య ఖాళీలో ఉంచాలి. నడుము కదపకుండా భుజాలు వెనక్కి వాల్చి నటించాలి. మెడపట్టులో బిగింపంతా తన ఛాతీ కండరాల మీద చూపించాలి, ముంజేయి మెడను తాకి ఊరుకోవాలి. ఇంకో చిక్కు: బరిలో చేత్తో తడితే ఆపాలని అర్థం. సీన్లో తట్టడం కూడా నటనలో భాగమైతే, నిజంగా ఊపిరాడక తట్టినా ఎదుటివాడు నటనే అనుకుంటాడు. కాబట్టి ఆపమనడానికి తొడ గిల్లడమో, ఒక మాటో విడిగా ముందే అనుకోవాలి.

ఈ లెక్కలన్నీ కుదిరిన సినిమా 2014 నాటి ‘జాన్ విక్’. దర్శకుడు చాడ్ స్టాహెల్స్కీ ‘ద మేట్రిక్స్’లో కియాను రీవ్స్‌కు డూప్. రోప్ మీద ఎగిరిన ఆ జంటే పదిహేనేళ్ల తర్వాత జూడో విసుర్లకూ, జియు జిట్సు పట్లకూ దిగింది. నేల మీద ఒకణ్ని కాలితో నొక్కి పట్టి, రెండోవాణ్ని కాల్చి, మళ్లీ కింద ఉన్నవాడి పని పట్టడం ఆ సినిమాకు సంతకం అయింది. పట్టు కదలదన్న లోపాన్నే వాళ్లు వాడుకున్నారు. కెమెరా దూరంగా ఉంటుంది, కట్‌లు తక్కువ, హీరో నిజంగా చేస్తున్నాడని తెలుస్తుంది.

చైనాలో కథ వేరేగా నడిచింది. 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో ఎంఎంఏ కోచ్ షూ షావోడోంగ్, తాయ్‌చీ గురువు వెయ్ లేయ్‌ను 20 సెకన్లయినా పట్టకుండా పడగొట్టాడు. వీడియో దేశమంతా పాకింది. వూషూ సంఘం ఖండించింది, చైనా సోషల్ మీడియా వీబోలో షూ ఖాతా పోయింది. 1954 రీలు పుట్టించింది నవలలనైతే, ఇది పుట్టించింది జాతి గౌరవం గురించిన రచ్చను. 2008లో మొదలైన ‘ఇప్ మాన్’ సినిమాలు ఇంత ఆదరణ పొందడంలోనూ ఆ గౌరవానిదే పెద్ద వాటా అనిపిస్తుంది. ఇప్ మాన్ శైలి వింగ్‌చున్ పంజరంలో పనిచేస్తుందా అన్న ప్రశ్న, 1930ల నాటి చైనా నగరం ఫోషాన్‌లో నడిచే మొదటి సినిమా కథను తాకదు.

బరి కూడా సినిమా దగ్గర అప్పు తీసుకుంది. 2010 డిసెంబర్‌లో ఆంథొనీ పెటిస్ పంజరం గోడ మీద కాలు మోపి ఎగిరి బెన్ హెండర్సన్‌ను తన్ని పడేశాడు. 2011 ఫిబ్రవరిలో ఆండర్సన్ సిల్వా గడ్డం కింద ముందు తన్నుతో విటోర్ బెల్ఫోర్ట్‌ను పడగొడితే, ఆ తన్ను నేర్పింది తానేనని నటుడు స్టీవెన్ సెగాల్ చెప్పుకున్నాడు. ఏప్రిల్‌లో లియోటో మచీడా ఎగిరి తన్ని రాండీ కౌచర్‌ను ఓడించగానే అందరికీ 1984 నాటి ‘కరాటే కిడ్’ కొంగ తన్ను గుర్తొచ్చింది. అందరికీ కుస్తీ వచ్చేసి, కింద పడ్డా లేవగలమన్న ధీమా కుదిరాకే ఈ గాలి తన్నులు మళ్లీ పనికొచ్చాయి. 1993లో ఇదే తన్ను తన్నినవాణ్ని కాలు పట్టి కింద పడేసేవాళ్లు.

నియమాల పుస్తకంలోనూ ఓ ముద్ర మిగిలిపోయింది. మోచేతిని నిట్టనిలువుగా పైనుంచి కిందికి దించే దెబ్బను ఉమ్మడి నియమాలు నిషేధించాయి. కరాటే ప్రదర్శనల్లో మోచేత్తో మంచు దిమ్మెలు పగలగొట్టడం చూసి అధికారులు బెదిరిపోవడమే కారణమని రిఫరీ జాన్ మెకార్తీ చెబుతూ వచ్చాడు. అదే మోచేయి కాస్త ఏటవాలుగా దిగితే మాత్రం చెల్లేది. 2009లో మాట్ హామిల్ మీద జాన్ జోన్స్ గెలుస్తూ గెలుస్తూ ఈ దెబ్బ వల్లే అనర్హుడయ్యాడు, అతని రికార్డులో ఉన్న ఓటమి అదొక్కటే. నిషేధం 2024 నవంబర్ 1న తొలగింది.