రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలోని బ్లాక్‌వెల్

స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం తెలుసు. అందులోని రావు మన సి.ఆర్. రావు గారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారు. బ్లాక్‌వెల్ గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

డేవిడ్ బ్లాక్‌వెల్ 1919లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, సెంట్రేలియా అనే చిన్న ఊళ్లో ఓ నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రిది రైల్వే ఉద్యోగం. బడిపంతులు అవుదామని కాలేజీలో చేరిన కుర్రాడు 22 ఏళ్లకే పిహెచ్‌డి పూర్తిచేశారు. ప్రిన్స్‌టన్‌లోని ప్రసిద్ధ పరిశోధనా సంస్థలో ఫెలోషిప్ దొరికింది. అక్కడి సభ్యులకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం గౌరవ హోదా ఇవ్వడం ఆనవాయితీ. ఈయనకు ఇవ్వడానికి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు అభ్యంతరం చెప్పాడు. 1942లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జెర్జీ నేమన్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ ఆయన్ను తీసుకోవాలనుకున్నా, రంగు అడ్డొచ్చి ఆ ఉద్యోగమూ రాలేదు. చివరికి నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే కాలేజీల్లోనే పనిచేశారు. అందులో పదేళ్లు వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో.

ఆ కాలంలోనే, 1947లో, ఆ సిద్ధాంతం ఉన్న పేపర్ వచ్చింది. రావు గారు అదే విషయాన్ని 1945లో కలకత్తాలో విడిగా ప్రచురించారు.

అసలు విషయం ఎంత అందమైనదో చూడండి. ఒక నాణేన్ని 10 సార్లు ఎగరేశాం, 7 సార్లు బొమ్మ పడింది. బొమ్మ పడే అవకాశం ఎంతో అంచనా వేయాలి. ఒకాయన బద్ధకించి మొదటిసారి పడినదాన్నే చూసి, బొమ్మయితే 1, బొరుసయితే 0 అన్నాడనుకుందాం. నాసిరకం అంచనా. కానీ సగటున ఎటూ మొగ్గని అంచనా. ఇప్పుడు ఇలా అడుగుదాం: మొత్తం 7 బొమ్మలని తెలిశాక, మొదటిసారి పడింది బొమ్మే అయ్యే అవకాశమెంత? పదిలో ఏడు. అంటే 0.7. ఆ చిన్న ప్రశ్నతో నాసి అంచనా కాస్తా మంచి అంచనా అయిపోయింది, దాని వేరియన్స్ (అంచనా అటూ ఇటూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత) పదో వంతుకు తగ్గింది. దత్తాంశంలోని (డేటాలోని) సమాచారమంతా ఇమిడిన సంఖ్య ఒకటి ఉంటే, ఏ అంచనానైనా ఇలా సానబెట్టవచ్చు, వేరియన్స్ పెరగదని ఇద్దరూ నిరూపించారు. గణితంలో నాకు బాగా ఇష్టమైన ఫలితాల్లో ఇదొకటి.

1954లో బ్లాక్‌వెల్‌ను బర్కిలీయే పిలిచింది. తర్వాత అక్కడ స్టాటిస్టిక్స్ శాఖకు అధిపతి కూడా అయ్యారు. 1942కీ 1954కీ మధ్య పోయిన పన్నెండేళ్లను మాత్రం ఆ పదవి సరిచేయదని నేననుకుంటాను. 1965లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికైన తొలి నల్లజాతీయుడు ఆయనే. 2010లో కన్నుమూశారు. ఇప్పుడు ఏఐ పనులకు వాడే ఎన్విడియా బ్లాక్‌వెల్ చిప్‌లకు ఆ పేరు ఆయనదే.