బీచ్‌లో కాలర్ మైక్

పిల్లలూ,

మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. బొమ్మ బాగా వచ్చింది, వెనకాల మన విశాఖ బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ కూడా చక్కగా పడింది. కానీ చిన్నది అటు తిరిగి నడవడం మొదలుపెట్టగానే మాట ముక్కలు ముక్కలైపోయింది. మైక్ పాడైందా తాతయ్యా అని అడిగారు. పాడవలేదు, చిన్నదే అడ్డొచ్చింది.

మీ అగ్గిపెట్టంత వైర్‌లెస్ మైక్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తుంది, అంటే వైఫై, బ్లూటూత్ తిరిగే చోటే. ఆ తరంగాల్ని నీళ్లు పీల్చేసుకుంటాయి, మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే కదా, అందుకని చొక్కా ముందు మైక్ పెట్టుకున్న మనిషి వీపు తిప్పితే మైక్‌కీ, ఫోన్‌కి తగిలించిన రిసీవర్‌కీ మధ్య నిండు బిందె పెట్టినట్టే. కావాలంటే మేడ మీద చూడండి. ఒకరు ఆ చివర నిలబడి అంకెలు లెక్కపెడుతూ మెల్లగా గుండ్రంగా తిరగండి, ఈ చివర రికార్డు చేసి తర్వాత వినండి. ఏ అంకె మింగేసిందో చూస్తే వీపు ఎప్పుడు తిరిగిందో తెలిసిపోతుంది.

వీపు కనిపించే షాట్ తప్పదంటే, రిసీవర్‌ని వేరే ఫోన్‌కి తగిలించి, మొహం తిరిగే వైపు ఫ్రేమ్‌లో పడకుండా ఒకరిని నిలబెట్టి, తల కంటే ఎత్తులో పట్టుకోమనండి. మొదట్లో ఒక్క చప్పట గట్టిగా కొట్టండి, రెండు ఫోన్లలో అది ఎక్కడ పడిందో చూసి కలుపుకోవచ్చు.

కురుసుర లోపల తీయాలని ఉందన్నారు. ముందు పర్మిషన్ అడగండి. 2001లో నేవీ నుంచి రిటైరైన ఆ సబ్‌మెరైన్ ఒళ్లంతా ఉక్కే, మైక్ లోపల, రిసీవర్ బయట పెడితే లిఫ్టులో ఫోన్ కట్టయినట్టు కట్టవుతుంది. అన్నట్టు, అక్కడ టార్పెడోలు చూస్తారు కదా. రేడియోతో నడిపే టార్పెడోని శత్రువు జామ్ చేయకుండా, సిగ్నల్ 88 ఫ్రీక్వెన్సీల మధ్య దూకుతూ ఉండాలని 1942లో పేటెంట్ తీసుకున్నది ఎవరనుకున్నారు? హెడీ లమార్ అనే హాలీవుడ్ నటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు. పియానోకి మెట్లు కూడా 88! మీ బ్లూటూత్ కూడా అలా గెంతుతూనే పనిచేస్తుంది.

ఇక గాలి. మన బీచ్‌లో మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి ఊరి వైపు కొడుతుంది. సముద్రానికి వీపు పెట్టి మాట్లాడితే ఆ వీపే మైక్‌కి గోడ, కెమెరా కూడా ఎదురుగానే ఉంటుంది, సిగ్నల్‌కీ బాధ లేదు. తెల్లారుజామున మాత్రం గాలి కొండల వైపు నుంచి వస్తుంది, అప్పుడు అదే షాట్‌లో నేరుగా మైక్ మీద పడుతుంది. నల్ల స్పాంజి తొడుగు దానికి చాలదు, మైక్‌కి తొడిగే బొచ్చు టోపీ ఉండాల్సిందే.

బట్టల సంగతి నాకు భీమిలిలో ఒకావిడ నల్లపూసలు నేర్పాయి. చీర పమిట మడతల చాటున మైక్ అందంగా దాచేసి, హెడ్‌ఫోన్స్ చెమట పట్టిస్తున్నాయని తీసి మెడలో వేసుకున్నాను. సాయంత్రం వింటే ప్రతి మాట మీదా టిక్ టిక్, పూసలు మైక్‌కి కొట్టుకున్న చప్పుడు, గంటన్నర రికార్డింగు. ఆవిణ్ని మళ్లీ పిలిపించాం, తిట్లు కూడా తిన్నాను. గొలుసులు, పూసలు, దుపట్టా అంచులు మైక్‌కి దూరంగా ఉండాలి. సిల్కు, నైలాన్ గరగరలాడతాయి, మెత్తని కాటన్ నయం. మైక్ గడ్డానికి జానెడు కింద ఉంటే చాలు. దూరం రెట్టింపైతే మాట ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, అలలు మాత్రం అంతే ఉంటాయి.

రికార్డింగ్ లెవెల్ మామూలు మాటకి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకోండి, నవ్వులకీ కేకలకీ కాస్త చోటుండాలి. షాట్ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం ఉత్త అలల చప్పుడు తీయండి, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీల్లో వేయడానికి పనికొస్తుంది.

ఆదివారం రండి, నా పాత హెడ్‌ఫోన్స్ ఇస్తాను. ఎడమ చెవి కుషన్ ఊడింది, గమ్ పెట్టి అంటించుకోండి.

మీ తాతయ్య
పెద వాల్తేరు