ఫ్యాన్ కింద కుర్చీ, వినపడని బేస్: సబ్ ఊఫర్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఒంగోలులోని మా దుకాణానికి నెలలో నలుగురైదుగురు, బేస్ (పాటలోని లోతైన కింది స్వరాలు) పలికే స్పీకర్ పెట్టె అయిన సబ్ ఊఫర్‌ను ఆటోలో వేసుకుని వచ్చి, "అన్నా, దీంట్లో బేస్ రావడం లేదు, ఇది తీసుకుని ఇంకొంచెం పెద్దది ఇవ్వు" అని అడుగుతారు. బల్ల మీద పెట్టి పాట వేస్తే అది నిక్షేపంగా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళల్లో సౌండ్ సిస్టమ్‌లు అమర్చుతున్నాను. బేస్ చాలకపోతే పెట్టె మార్చాలనుకోవడం వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు ఇంకే అపోహ వల్లా పోగొట్టుకోలేదు. చాలా ఇళ్ళల్లో మార్చవలసింది పెట్టె ఉన్న చోటు, లేదా మనం కూర్చునే చోటు.

టంగుటూరులో ఒక రిటైర్డ్ మాస్టారు మొదట 8 అంగుళాల చిన్న సబ్ ఊఫర్ కొన్నారు. బేస్ గిటార్ కింది స్వరాలు వినపడటం లేదని రెండు నెలలకే దాన్ని సగం ధరకు అమ్మేసి, రెట్టింపు వాట్లున్న 10 అంగుళాలది తెచ్చుకున్నారు. అదీ అంతే. చివరకు తన చెవులే పోతున్నాయన్న దిగులుతో వినికిడి పరీక్ష చేయించుకుని, లోపమేమీ లేదని తేలాక నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి లోపలి నుంచి వాళ్ళావిడ వచ్చి, "ఆయనేమో వినపడటం లేదంటారు, నాకేమో వంటింట్లో గిన్నెలు అదిరిపోతున్నాయి నాయనా" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. హాలు పొడవు 14 అడుగులు. మాస్టారి పడక కుర్చీ సరిగ్గా ఫ్యాన్ కింద ఉంది. వంటింటి గుమ్మం హాలు చివరి గోడలో ఉంది.

మన ఎండలకు కుర్చీ ఫ్యాన్ కిందికే చేరుతుంది, ఫ్యాన్ గది నడిమధ్యనే వేలాడుతుంది. గదిలో కొన్ని బేస్ స్వరాలు అతి తక్కువగా వినిపించేది కూడా ఆ నడిమధ్యనే. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) శబ్దతరంగం పొడవు సుమారు 28 అడుగులు కాబట్టి 14 అడుగుల గదిలో సరిగ్గా సగం తరంగం ఇముడుతుంది. గోడను తాకి వెనక్కి వచ్చిన తరంగం ముందుకు వెళ్ళేదానితో కలిసినప్పుడు గోడల దగ్గర శబ్దపీడనం పెరిగి, మధ్యలో దాదాపు శూన్యమవుతుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ స్వరం 41 హెర్ట్జ్. మాస్టారి కుర్చీలో మాయమైంది అదీ దాని పక్క స్వరాలూ. మీ గది లెక్క మీరే వేసుకోవచ్చు: మన వేడికి 570ని గది పొడవు అడుగులతో భాగిస్తే ఏ హెర్ట్జ్ దగ్గర ఈ చిక్కు మొదలవుతుందో తెలుస్తుంది. 10 అడుగుల గదికి అది 57. వాల్యూమ్ పెంచినా ఈ లోటు తీరదు, ఎందుకంటే వెళ్ళే తరంగంతో పాటు దాన్ని చెరిపేసే తరంగమూ అంతే పెరుగుతుంది. పెరిగేదల్లా వంటింట్లో గిన్నెల మోత.

కుర్చీని మూడడుగులు వెనక్కి జరిపి, అందులో సబ్ ఊఫర్‌ను కూర్చోబెట్టి, బేస్ గిటార్ బాగా వినిపించే ఒక పాటను మళ్ళీ మళ్ళీ వేస్తూ, నేను గోడల వెంబడి వంగి, చెవి నేలకు దగ్గరగా పెట్టి నడిచాను. మీరు చేయవలసిందీ ఇదే. ఒకచోట ఒకే స్వరం బుస్సుమంటుంది, మరోచోట అసలు వినపడదు, ఏదో ఒకచోట అన్ని స్వరాలూ సమానంగా పలుకుతాయి. అక్కడ నేల మీద సుద్దతో గీత గీసి, పెట్టెను అక్కడికి మార్చాలి. మాస్టారి ఇంట్లో ఆ చోటు టీవీ బల్లకు ఎడమ పక్క, మూల నుంచి రెండడుగుల ఇవతల దొరికింది. ఆయన కుర్చీలో కూర్చుని పాట మొత్తం విని, "ఆ 8 అంగుళాలదే సరిపోయేది కదూ" అన్నారు. నిజంగానే సరిపోయేది. నేనూ తొలి రోజుల్లో ఇల్లు చూడకుండా పెద్ద పెట్టెలు అమ్మినవాణ్ణే. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ విషయం ఇంతగా చెబుతున్నాను.

వాట్లు ఎక్కువైతే బేస్ ఎక్కువ అనేది రెండో అపోహ. పెట్టె మీద వేలల్లో అచ్చువేసే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు. ఆర్ఎంఎస్ వాట్లు (ఆగకుండా ఇవ్వగల పవర్) మాత్రమే చూడండి. 100 వాట్లను 200 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కొద్ది తేడా మాత్రమే.

అరచేతిలో ఇమిడే పెట్టె కూడా నేల అదిరేలా పలుకుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌తో పెద్ద శబ్దం: ఈ మూడింటిలో రెండే దక్కుతాయని అమెరికాలో 1957లో మొదలైన కేఎల్‌హెచ్ స్పీకర్ల సంస్థ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక నియమమే ఉంది. 80 హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దపీడనం వస్తుందో 40 దగ్గరా అంతే రావాలంటే కోన్ (స్పీకర్ ముందు కదిలే గుండ్రటి పొర) నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. చిన్న కోన్‌కు అంత చోటు ఉండదు. అయితే తలుపులు మూసిన 10×12 అడుగుల గదిలో పాటలు వినడానికి మంచి 8 అంగుళాల సీల్డ్ (గాలి బయటికి పోకుండా మూసిన) పెట్టె చాలు. పోర్ట్ (గాలి ఆడే గొట్టం) ఉన్న పెట్టె కింది స్వరాల్లో తన హద్దు దాకా గట్టిగా పలికి, ఆ కింద చప్పున పడిపోతుంది; సీల్డ్ పెట్టె మెల్లగా తగ్గుతుంది. సంగీతానికి నేను సీల్డ్‌నే ఇష్టపడతాను.

చీమకుర్తి గ్రానైట్ పలక మీద పెడితే బేస్ పెరుగుతుందని మా వైపు గట్టిగా నమ్ముతారు. గట్టి నేల మీద ఆ పలక వల్ల పెరిగేదేమీ లేదు. ఇక ఇంట్లో వాడే శబ్దానికి గోడలు బీటలు వారతాయేమోనని పెద్దవాళ్ళు భయపడుతుంటారు; ఆ అదురు బీరువా తలుపులది, షోకేసు అద్దాలది. వాటి సందుల్లో చిన్న రబ్బరు ముక్కలు పెడితే ఆగిపోతుంది.

సబ్ ఊఫర్ ఏ హెర్ట్జ్ కింద నుంచి పలకాలో నిర్ణయించే క్రాసోవర్‌ను ముందు 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. సబ్ ఊఫర్ తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్చిని ఇంకొకరి చేత 0కూ 180కీ మార్పిస్తూ, మీరు కుర్చీలో కూర్చుని విని, బేస్ ఎక్కడ నిండుగా ఉంటే అక్కడ వదిలేయండి.

పాట లేనప్పుడు కూడా గుయ్‌మని హమ్ వస్తే పెట్టె పాడైందని అనుకోకండి. చాలావరకు అది ఎర్తింగ్ లేదా కేబుల్ తేడా. హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్నును విరిచేసిన ఇళ్ళు చూశాను. ఆ పిన్ను ఉన్నది మీకు షాక్ కొట్టకుండా కాపాడటానికి. దాన్ని ముట్టుకోకుండా, ఆంప్లిఫయర్‌నూ సబ్ ఊఫర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించి చూడండి, తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.