జేబులో కండోమ్ ఉంటే నేరమా?

సెక్స్ వర్కర్ అనగానే మనకు ఆడమనిషే గుర్తొస్తుంది. చట్టానికీ చాలాకాలం అంతే. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం పేరులోనే స్త్రీలు, బాలికలు అని ఉండేది, 1986లో పేరు మార్చి, చట్టంలో ఆ మాటల చోట 'వ్యక్తులు' అని సవరించాక గానీ ఈ పనిచేసే మగవాళ్లు ఆ చట్టం లెక్కలోకి రాలేదు. సరిగ్గా అదే ఏడాది మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలోని తొలి హెచ్ఐవీ కేసులను బయటపెట్టింది, ఆ రక్తం సెక్స్ వర్కర్లయిన మహిళలది.

దాంతో ఎయిడ్స్ అంటే ఆడవాళ్ల దగ్గరికి వెళితే వచ్చే జబ్బు అనే మాట జనంలో పాతుకుపోయింది. మగవాడితో అయితే ఏమీ కాదులే అనుకున్నవాళ్లు ఎందరో! నిజానికి ముప్పు అక్కడే ఎక్కువ. వైరస్ ఉన్న మగవాడితో ఏ రక్షణా లేకుండా కలిస్తే, యోని ద్వారా అయితే స్త్రీకి 10,000 సార్లకు 8 సార్లు సోకుతుందని, మలద్వారం ద్వారా అయితే లోపలికి తీసుకునే వ్యక్తికి 138 సార్లు సోకుతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. అక్కడి పొర పల్చన, ఇట్టే చిట్లుతుంది. పైగా చేతికందిన కొబ్బరినూనో వ్యాజలీనో రాస్తే రబ్బరు కండోమ్ చిరిగిపోతుంది, అందుకే కండోమ్‌తో పాటు నీటితో తయారైన జెల్ పాకెట్ కూడా చేతిలో పెట్టాలి.

కానీ పెట్టేదెలా? మగవాడు మగవాడితో కలవడాన్ని నేరం చేసిన 1860 నాటి 377 సెక్షన్ అలా ఉన్నన్నాళ్లూ మగవాడి జేబులో కండోమ్ దొరికితే అదే సాక్ష్యం అవుతుందన్న భయం. పోలీసు వస్తాడేమోనని చీకట్లో హడావిడిగా ముగించేచోట కండోమ్ వేసుకోమని కస్టమర్‌ని బతిమాలే తీరిక ఎక్కడుంటుంది? 2001లో లక్నోలో హెచ్ఐవీ నివారణ పనిచేసే కార్యకర్తలనే ఈ సెక్షన్ కింద అరెస్టు చేసి నెలన్నరకు పైగా జైల్లో ఉంచారు. నాకు ఇప్పటికీ కడుపు మండిపోయే సంగతి ఇది.

అదే ఏడాది, హెచ్ఐవీపై పనిచేసే నాజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ సెక్షన్‌కి వ్యతిరేకంగా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2006 నాటికి కేంద్రమే రెండు నాలుకలతో మాట్లాడింది: హోంశాఖ 377 ఉండాలంది, కేంద్రానిదే అయిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మాత్రం దానివల్లే వీళ్లు దాక్కుంటున్నారని, మగవాళ్లతో కలిసే మగవాళ్లలో హెచ్ఐవీ 8 శాతం దాటిందని, మిగతా జనంలో 1 శాతం కూడా లేదని రాసిచ్చింది. 2009లో గెలుపు, 2013లో సుప్రీంకోర్టులో ఓటమి, చివరికి 2018 సెప్టెంబరు 6న విముక్తి.

ఈలోగా పని ఆగలేదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ 'అవాహన్' అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమం మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బయటివాళ్లు చెబితే వినరని తెలిసి, వాళ్లలోనే ఒకరిని పీర్ ఎడ్యుకేటర్‌గా పెట్టడం దానికి ప్రాణం. రాత్రిపూట బస్టాండు వెనకాల పక్కన కూర్చుని, టీ తాగుతూ, 'అన్నా, టెస్టుకి నేనూ వస్తా పద' అనే మనిషి చేసిన పని ఏ పోస్టరూ చేయలేదు.

377 తీర్పు వచ్చిన నాలుగు రోజులకే హెచ్ఐవీ చట్టం అమల్లోకొచ్చింది. సెక్స్ వర్కర్‌కి కండోమ్ ఇచ్చినవాళ్లదీ పుచ్చుకున్నవాళ్లదీ నేరం కాదని అందులో ఉదాహరణతో సహా రాశారు. కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూడొద్దని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇప్పుడు బేరాలు చాలావరకు ఫోన్లోకి మారాయి, బస్టాండు దగ్గర వెతికితే మనిషి దొరకడు. ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నవాడైతే డాక్టర్ ముందు కూర్చుని కూడా అసలు విషయం నోరు విప్పి చెప్పడు, చెప్పకపోతే ఆ డాక్టర్ మలద్వారం దగ్గరి పుండును చూడనే చూడడు.