రెండు జతల పట్టాలున్నా డబుల్ లైను కాదు: బ్రిటన్ పల్లె బ్రాంచి లైన్ల వింత అమరికల వెనక కథ

ఇంగ్లండ్ నైరుతి కొసన డెవన్‌లో, క్రెడిటన్ స్టేషన్ దాటాక రైలు మార్గం డబుల్ లైనులా కనిపిస్తుంది. నాలుగు మైళ్లకు పైగా రెండు జతల పట్టాలు పక్కపక్కనే సాగుతాయి. నిజానికి అవి రెండు విడి సింగిల్ లైన్లు, ఒక్కోదాని మీద రాకపోకలు రెండూ జరుగుతాయి. ఒకటి బార్న్‌స్టపుల్ వెళ్తుంది, రెండోది ఓకేహాంప్టన్ వెళ్తుంది. మధ్యలో యోఫర్డ్ అనే చిన్న స్టేషన్ ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్లాట్‌ఫారం బార్న్‌స్టపుల్ లైనుకి మాత్రమే. 2021 నవంబర్ 20న ఓకేహాంప్టన్‌కి రోజువారీ ప్రయాణికుల బండ్లు మళ్లీ మొదలయ్యాయి, మరుసటి మే నుంచి గంటకొకటి నడుస్తోంది. ఆ బండ్లు యోఫర్డ్ వాళ్ల కళ్లముందు నుంచే పోతాయి కానీ ఆగే వీలు లేదు. ఒక లైను మీద బండి చెడిపోతే వెనకొచ్చేదాన్ని పక్క లైను మీదికి మళ్లించడానికీ అక్కడ పాయింట్లు లేవు.

ఇలాంటివి చూసి ప్లాను గీసినవాడిని తప్పుపట్టడం తేలిక. బ్రిటన్ బ్రాంచి లైన్లలో వింతగా కనిపించే ప్రతి అమరిక వెనకా ఒక నిబంధనో, ఒక ఉద్యోగి జీతం లెక్కో ఉంటుంది. ఆ నిబంధన పోయినా, ఆ ఉద్యోగి పోయినా పట్టాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మొదట పాయింట్ల సంగతి. బండి వచ్చే వైపు నుంచి చూస్తే ఒక దారి రెండుగా చీలేది ఫేసింగ్ పాయింటు. రెండు దారులు వచ్చి ఒకటిగా కలిసేది ట్రెయిలింగ్ పాయింటు. ట్రెయిలింగ్‌లో టంగ్ రైలు (దారి మార్చడానికి కదిలే మొనదేలిన పట్టా) సరిగా అతుక్కోకపోయినా చక్రం అంచు దాన్ని నెట్టుకుని పోతుంది. పరికరం వంగొచ్చు, బండి మాత్రం చాలావరకు పట్టా మీదే ఉంటుంది. ఫేసింగ్‌లో ఆ అవకాశం లేదు. టంగ్ రైలుకీ, అది అతుక్కునే కదలని పట్టా అయిన స్టాక్ రైలుకీ మధ్య సందులో చక్రం అంచు దూరిందంటే ముందు పెట్టెలు ఒక దారిన, వెనక పెట్టెలు ఇంకో దారిన పోతాయి. 1873 ఆగస్టులో లండన్ నుంచి స్కాట్లండ్ వెళ్తున్న ప్రయాణికుల బండి విగన్ స్టేషన్‌లో ఫేసింగ్ పాయింట్ల దగ్గర సరిగ్గా ఇలాగే విడిపోయింది. ముందు భాగం దాటిపోయింది, వెనక పెట్టెలు పట్టాలు తప్పి 13 మంది చనిపోయారు.

తనిఖీ అధికారం బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ చేతిలో ఉండేది. దాని ఇన్‌స్పెక్టర్లు సైన్యంలో ఇంజినీర్లుగా పనిచేసినవాళ్లు. వాళ్లు సరేనంటేనే కొత్త లైను మీద ప్రయాణికుల బండి తిరిగేది. ఫేసింగ్ పాయింట్లు వీలైనంత తగ్గించమనీ, తప్పనిసరైన చోట లాక్ పెట్టమనీ వాళ్లు పట్టుబట్టారు. ఆ లాక్ పని ఇది: రెండు టంగ్ రైళ్లను కలిపే అడ్డ కడ్డీకి గాడి ఉంటుంది. పాయింటు పూర్తిగా పడితేనే ఇనుప బోల్టు ఆ గాడిలోకి దూరుతుంది. బోల్టు దూరితేనే సిగ్నల్‌మన్ ఉండే కేబిన్‌లో సిగ్నల్ లీవరు కదులుతుంది. దీనికి తోడు పట్టా లోపలి అంచున పొడవాటి లాకింగ్ బార్ ఉండేది. బోల్టు వెనక్కి తీయాలంటే ముందు ఆ బార్ పైకి లేవాలి, మీద చక్రం ఉంటే లేవదు. అందుకే దాని పొడవు ఏ పెట్టెకైనా పక్కపక్క ఇరుసుల మధ్య ఉండే అతి పెద్ద ఎడం కన్నా ఎక్కువ ఉండాలి. పొట్టిదైతే పెట్టె నడుమ భాగం దాని మీద ఉన్న క్షణంలో లీవరు లాగేస్తే బండి కిందే పాయింటు మారిపోతుంది.

లాక్ పరీక్ష ఇప్పటికీ రేకులతోనే. టంగ్ రైలుకీ స్టాక్ రైలుకీ మధ్య 1.5 మిల్లీమీటర్ల రేకు పెడితే బోల్టు పడాలి, 3.5 మిల్లీమీటర్ల రేకు పెడితే పడకూడదు. రెండోదానికీ పడితే కడ్డీ అరిగిందని, సర్దుబాటు తప్పిందని అర్థం. సందులో చిన్న కంకర రాయి ఇరుక్కున్నా, టంగ్ రైలు జారే పలకలకి నూనె లేకపోయినా బోల్టు అసలు పడదు. సిగ్నల్ రాదు, బండి నిలిచిపోతుంది.

ఇంత సరంజామా ఒక్కో పాయింటుకి కావాలి. పైగా కేబిన్ నుంచి పాయింటు దాకా ఇనుప కడ్డీలతోనే కదపాలి. ఆ దూరానికి హద్దు ఉండేది. 1925లో 350 గజాలకు పెంచేదాకా అది 250 గజాలకు మించలేదు. ఎండకు కడ్డీ సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కాబట్టి మధ్యలో సర్దుబాటు క్రాంకులు పెట్టాలి. ఎదురెదురు బండ్లు తప్పుకోవడానికి వేసే పక్క పట్టా, అంటే లూప్, కాస్త పొడవైతే రెండు కొసలకీ రెండు కేబిన్లు, ఒక్కో షిఫ్టుకి ఇద్దరు మనుషులు. రోజుకి నాలుగైదు బండ్లు తిరిగే పల్లె లైనుకి ఈ ఖర్చు మోయలేనిది.

దాంతో కంపెనీలు లూప్‌ని పొట్టిగా ఉంచాయి, లేదా అసలు వేయలేదు. మరి కొన్ని చోట్ల లూప్ వేసి ప్లాట్‌ఫారం ఒక్కటే కట్టాయి. అక్కడ గూడ్సు బండి పక్కకి తప్పుకుంటే ప్రయాణికుల బండి దాటగలదు. రెండు ప్రయాణికుల బండ్లు ఎదురైతే మాత్రం కుదరదు. బయటి నుంచి చూస్తే క్రాసింగ్ స్టేషన్‌లా ఉంటుంది, టైంటేబులు తయారుచేసేవాళ్లకి అది సగం క్రాసింగ్ స్టేషనే.

వ్యాగన్లను నిలిపే పక్క పట్టాలు, అంటే గూడ్సు సైడింగులదీ ఇదే తీరు. ఒక దిశలో వచ్చే బండికి ట్రెయిలింగ్ అయ్యేలా సైడింగ్ వేస్తే ఇంజిన్ వెనక్కి నెట్టి వ్యాగన్ లోపల పెడుతుంది. ఎదురు దిశలో వచ్చే బండికి అది పనికిరాదు. ఇంజిన్ ముందుంటే వ్యాగన్‌ని సైడింగ్‌లోకి తోయడం కుదరదు. అందుకని ఆ ఊరి వ్యాగన్‌ని లైను చివరిదాకా మోసుకెళ్లి, తిరుగు బండికి తగిలించి తెచ్చి వదిలేవారు. సైడింగ్ మొదట్లో ట్రాప్ పాయింట్లు తప్పనిసరి. బ్రేకు వేయని వ్యాగన్ తనంతట దొర్లితే ప్రయాణికుల లైను మీదికి రాకుండా అవి దాన్ని పక్కకి దించేస్తాయి. చాలా పాత ఫొటోల్లో అర్థంలేని పొట్టి పట్టా ముక్కలా కనిపించేది ఇదే.

1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్ర బండి పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి 80 మంది దాకా చనిపోయారు. ఆ ఏడే వచ్చిన చట్టం ప్రయాణికుల లైన్లకి బ్లాక్ పద్ధతినీ (లైనులో ఒక్కో ముక్క మీద ఒకసారి ఒకే బండి), పాయింట్లకీ సిగ్నళ్లకీ ఇంటర్‌లాకింగ్‌నీ (పాయింటు సరిగ్గా పడకపోతే సిగ్నల్ రాకుండా కట్టేయడం) తప్పనిసరి చేసింది. పల్లె లైన్ల ఖర్చు మళ్లీ పెరిగింది. 1896 లైట్ రైల్వేస్ చట్టం కొంత ఊరట ఇచ్చింది. వేగం గంటకి 25 మైళ్ల దగ్గర కట్టేసి, సిగ్నళ్లు, గేట్లు, ప్లాట్‌ఫారాల విషయంలో సడలింపులు ఇచ్చారు.

కేబిన్ లేని చోట సైడింగ్ తెరవడానికి వాడిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. సింగిల్ లైను మీదికి వెళ్లే డ్రైవరు చేతిలో అనుమతి గుర్తుగా స్టాఫ్ అనే కడ్డీ ఉండాలి. మన సింగిల్ లైన్లలో నీల్స్ యంత్రం నుంచి తీసే ఉక్కు బంతి చేసే పనే అది చేస్తుంది. ఆ స్టాఫ్ కొసనే తాళం చెవి ఉంటుంది. సైడింగ్ పక్కన రెండు లీవర్ల గ్రౌండ్ ఫ్రేమ్ ఉంటుంది. చెవి పెట్టి తిప్పితేనే లీవరు వస్తుంది. లీవరు లాగాక చెవి బయటికి రాదు. పాయింటు మెయిన్ లైనుకి తిరిగి వేసి, లాక్ పడితేనే స్టాఫ్ చేతికొస్తుంది. స్టాఫ్ లేకుండా డ్రైవరు కదలడు కాబట్టి పాయింటు తప్పుగా వదిలేసి వెళ్లిపోవడం సాధ్యం కాదు. కరెంటు అక్కర్లేదు, మనిషిని నియమించనక్కర్లేదు.

లైను చివర ఇంజిన్‌ని బండి రెండో కొసకి తేవడం ఇంకో తలనొప్పి. లూప్ వేయడానికి స్థలం లేని చోట రకరకాల దారులు వెతికారు. వైట్ దీవిలోని బెంబ్రిడ్జ్‌లో ప్లాట్‌ఫారం కొసన చిన్న టర్న్‌టేబుల్ పెట్టి, దాని మీద ఇంజిన్‌ని పక్క పట్టాకి తిప్పేవారు. టేబుల్ పొడవుకి సరిపోని ఇంజిన్ ఆ లైనుకి పనికిరాదు. 1953లో లైను మూతపడేదాకా అదే పద్ధతి. డార్సెట్‌లో బ్రిడ్‌పోర్ట్ బ్రాంచి బయలుదేరే మెయిడెన్ న్యూటన్‌లో వాలునే వాడుకున్నారు. పెట్టెలను ఎగువకి నెట్టి, ఇంజిన్ విడిపించి పక్కకి తప్పించాక, గార్డు బ్రేకు పట్టుకుని పెట్టెలను తమ బరువు మీదే ప్లాట్‌ఫారంలోకి దింపేవాడు.

వింతల్లో పెద్దది మాత్రం కార్న్‌వాల్‌లోని లూ లైను. లూ రేవు నుంచి మూర్స్‌వాటర్ దాకా 1828లో కాలువ తవ్వారు. 1844లో క్యారడన్ కొండల నుంచి రాగి ఖనిజం, గ్రానైట్ మూర్స్‌వాటర్‌కి రైలు మీద దిగడం మొదలైంది. సరుకు పెరిగి కాలువ చాలక 1860లో దాని పక్కనే పట్టాలు వేశారు. ప్రయాణికులను ఎక్కించుకున్నది 1879లో. మెయిన్ లైను అప్పటికే అదే లోయ మీదుగా ఎత్తైన వంతెనపై పోతోంది. కింద పట్టాలు, పైన పట్టాలు, మధ్య కలయిక లేదు. 1901లో కలిపారు. లోయ అడుగు నుంచి లిస్కర్డ్ స్టేషన్ సుమారు 200 అడుగులు ఎత్తు. ఇంజిన్ ఎక్కగలిగే వాలు కావాలంటే దూరం పెంచాలి. అందుకే కొత్త లైను స్టేషన్ నుంచి ఉత్తరంగా బయలుదేరి, గుండ్రంగా తిరిగి, మెయిన్ లైను వంతెన కిందుగా దూరి, 40 అడుగులకి ఒక అడుగు వాలున కూంబ్ జంక్షన్‌కి దిగుతుంది. అక్కడ కలిసేసరికి బండి ముఖం లూ వైపు కాక మూర్స్‌వాటర్ వైపు ఉంటుంది. ప్రతి బండీ ఆగి, దిశ మార్చుకుని వెళ్లాల్సిందే. ఆవిరి రోజుల్లో ఇంజిన్ విప్పి, లూప్ చుట్టూ తిప్పి, రెండో కొసకి తగిలించేవారు. కూంబ్ కేబిన్ 1981లో మూసేశాక గార్డే దిగి గ్రౌండ్ ఫ్రేమ్ వేస్తున్నాడు, డ్రైవరు బండి రెండో కొసనున్న డ్రైవర్ కేబిన్‌కి నడుస్తాడు. లిస్కర్డ్‌లో బ్రాంచి ప్లాట్‌ఫారం మెయిన్ లైనుకి అడ్డంగా, లంబకోణంలో ఉండడానికీ ఆ వలయమే కారణం. 1966లో ఈ లైను మూసివేతను రవాణా మంత్రి బార్బరా కాసిల్ చివరి క్షణంలో ఆపారు.

డీజిల్ బండ్లకి రెండు కొసలా డ్రైవర్ కేబిన్ రావడంతో ఇంజిన్ తిప్పే లూపులు అక్కర్లేకపోయాయి. పొదుపు పేరుతో వాటిని పీకేశారు. అదే డీజిల్ బండి దిశ మార్చుకోవడాన్ని తేలిక చేసింది కాబట్టి, సగం మూసిన లైన్లలో కొత్త వింతలు పుట్టాయి. యార్క్‌షైర్‌లో బ్యాటర్స్‌బీ నుంచి పిక్టన్ వైపు దారి ప్రయాణికులకి 1954లో మూతపడింది. మిడిల్స్‌బ్రో–విట్బీ బండి ఇప్పటికీ అక్కడ వెనక్కి తిరుగుతుంది. 1968లో ఓకేహాంప్టన్ వైపు దారి పోయాక డెవన్‌లోని బియర్ ఆల్స్టన్‌లోనూ అంతే. 1970లో ఓర్మ్స్‌కర్క్ దగ్గర నేరుగా పోయే లైనునే రెండు ముక్కలు చేసి, ఒకే ప్లాట్‌ఫారం పక్కన రెండు బఫర్లను (పట్టా చివర బండిని ఆపే అడ్డాలు) ఎదురెదురుగా నిలిపారు. క్రెడిటన్ అవతలి కోల్‌ఫర్డ్ జంక్షన్‌ని 1971లో ఎత్తేశారు. అక్కడ పాయింట్లు, కేబిన్, సిగ్నల్‌మన్ ఉంచే బదులు, ఉన్న డబుల్ లైనునే చెరొక దారికి ఇచ్చేస్తే చాలనుకున్నారు. ఓకేహాంప్టన్ వైపు ప్రయాణికుల బండ్లు మరుసటి ఏడే ఆగిపోయాయి, మెల్డన్ క్వారీ కంకర బండ్ల కోసం పట్టాలు మిగిలాయి. ఆనాటి లెక్కలో అది సరైన నిర్ణయమే. గంటకో బండి మళ్లీ వస్తుందని ఎవరూ లెక్క వేయలేదు.

స్కాట్లండ్ ఉత్తరాన సమస్య వేరు. 1978 జనవరి మంచుతుఫానులో టెలిగ్రాఫ్ స్తంభాలు మైళ్ల కొద్దీ కూలిపోయాయి. సింగిల్ లైను మీదికి వెళ్లడానికి డ్రైవరుకి అనుమతిగా టోకెన్ ఇచ్చే యంత్రాలు పనిచేసేది ఆ స్తంభాల తీగల మీదే. వాటిని తిరిగి నిలబెట్టే బదులు రేడియో ద్వారా టోకెన్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. 1984లో కైల్ లైనుతో మొదలైంది. కేబిన్లు పోయాయి, మరి పాయింట్లు ఎవరు వేయాలి? లూప్ రెండు కొసలా హైడ్రో న్యూమాటిక్ పాయింట్లు పెట్టారు. వాయు పీడనం టంగ్ రైలును ఎప్పుడూ ఒకే దారికి నొక్కి పట్టి ఉంచుతుంది. లోపలికి వచ్చే ప్రతి బండీ ఆ దారికే పోతుంది. బయటికి వెళ్లే బండి చక్రాలతో టంగ్ రైలును తోసుకుని పోతుంది, కాసేపటికి అది తనంతట వెనక్కి వస్తుంది. పాయింటు సరిగ్గా పడి ఉంటే ముందు పసుపు దీపం వెలుగుతుంది. వెలగకపోతే డ్రైవరు ఆపి, దిగి, మంచో రాయో అడ్డుపడిందేమో చూడాలి. ఫేసింగ్‌లో పాత తరహా పూర్తి లాక్ లేదు కాబట్టి వేగం 15 మైళ్లకి మించకూడదు. విగన్ తర్వాత పుట్టిన భయానికి ఇది వేరే జవాబు: తాళం వేయలేకపోతే నెమ్మదిగా పో.

పీకేసిన లూపులను తిరిగి వేస్తున్న చోట్ల కూడా పాత లెక్కలు వెంటాడుతున్నాయి. ఫాల్మత్ బ్రాంచిలో అరగంటకో బండి కావాలంటే మధ్యలో రెండు బండ్లు దాటుకోవాలి. పెన్రిన్‌లో 2009 మేలో లూప్ వేశారు. రెండో ప్లాట్‌ఫారం కడితే పాదచారుల వంతెన, దానికి లిఫ్టులు కావాలి. అందుకని ఉన్న ప్లాట్‌ఫారాన్నే పొడిగించి, ఒక సగంలో ట్రూరో బండి, రెండో సగంలో ఫాల్మత్ బండి ఆగేలా చేశారు. బండి పొడవు ఆ సగానికి మించకూడదు, రెండింటిలో ఏది ఆలస్యమైనా రెండోది కాచుకోవాలి. అదే కార్న్‌వాల్‌లో న్యూకే లైనుకి గంటకో బండి కోసం ట్రెగాస్ మూర్ దగ్గర లూప్, న్యూకేలో రెండో ప్లాట్‌ఫారం తలపెట్టారు. దశాబ్దాల క్రితం న్యూకేలో తీసేసింది ఆ ప్లాట్‌ఫారం పట్టాలనే.