ఢాకా దుస్తుల ఫ్యాక్టరీల్లో తనిఖీ అధికారం చేతులు మారిన తీరు

2025 అక్టోబరు 14న ఢాకాలోని మీర్‌పూర్‌లో ఒక రసాయనాల గోదాములోను, దాని దగ్గరే ఉన్న దుస్తుల ఫ్యాక్టరీలోను మంటలు చెలరేగి 16 మంది మరణించారు. మేడ మీదికి వెళ్లే తలుపుకు తాళం వేసి ఉందని అగ్నిమాపక అధికారులు చెప్పారు. ఫ్యాక్టరీ తలుపులు తెరిచి ఉన్నాయో లేదో చూసే అధికారం ఎవరికి ఉండాలన్న పాత వివాదాన్ని ఆ తాళం మళ్లీ ముందుకు తెచ్చింది.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. ఈనాటి వివాదానికి సంబంధించినది అంతకు ముందురోజు జరిగింది. భవనంలో పగుళ్లు కనిపించగానే కింది భాగంలోని బ్యాంకు శాఖ ఉద్యోగులను పంపించేసింది, దుకాణాలు మూతపడ్డాయి. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవారిని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు, రాకుంటే జీతం ఆగుతుందని బెదిరించారు. తనిఖీలు అప్పటికీ లేకపోలేదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో కరాచీలో 250 మందికి పైగా కాలిపోయిన ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే పని పరిస్థితులు బాగున్నాయన్న అంతర్జాతీయ ధ్రువపత్రం దక్కింది!

అసలు మలుపు 2013 మేలో వచ్చింది. విదేశీ బ్రాండ్లు, ఇండస్ట్రియాల్, యూనీ అనే ప్రపంచ కార్మిక సమాఖ్యలు కలిసి ‘అకార్డ్’ అనే ఫ్యాక్టరీ భద్రతా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చట్టబద్ధంగా కట్టుబడవలసిన ఒప్పందం కావడమే దాని బలం: మరమ్మతులు చేయని ఫ్యాక్టరీతో సంతకం చేసిన ఏ బ్రాండూ వ్యాపారం చేయకూడదు, మాట తప్పిన బ్రాండును మధ్యవర్తిత్వానికి ఈడ్చవచ్చు, ప్రమాదం ఉందనుకున్న చోటికి వెళ్లనని కార్మికురాలు చెప్పవచ్చు. వాల్‌మార్ట్, గ్యాప్ అందులో చేరక వేరే కూటమి పెట్టుకున్నాయి. అకార్డ్ ఇంజనీర్లు 1,600కు పైగా ఫ్యాక్టరీల్లో తిరిగారు. మెట్ల దారిలో తాళం పడే ఇనుప గేట్లు తీసేయమన్నది వారు మొదట్లోనే పెట్టిన షరతుల్లో ఒకటి. ఒప్పందం కాగితానికే పరిమితం కాలేదు: కార్మిక సమాఖ్యలు వేసిన కేసులో 2018 జనవరిలో ఒక బహుళజాతి సంస్థ 23 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది.

విదేశీయులు సమాంతర ప్రభుత్వం నడుపుతున్నారని, మరమ్మతుల ఖర్చు తమపై పడినా బ్రాండ్లు ధర పెంచలేదని ఫ్యాక్టరీ యజమానుల సంఘం వాదించింది. ధర విషయంలో ఆ మాట నిజమే. అయితే వారు ధర కోసం పట్టుబట్టకుండా తనిఖీదారుల మీద పట్టు కోసం పోరాడారు. ఒక ఫ్యాక్టరీ వేసిన పిటిషన్‌తో వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2019 మేలో రాజీ కుదిరింది, 2020 జూన్ 1 నుంచి తనిఖీ బాధ్యత ‘ఆర్ఎంజీ (రెడీమేడ్ దుస్తుల) సస్టెయినబిలిటీ కౌన్సిల్’కు మారింది. దాని 18 మంది పాలకమండలిలో బ్రాండ్లకు, కార్మిక సంఘాలకు, యజమానులకు తలా ఆరు స్థానాలు. తనిఖీ చేయించుకోవలసినవారే తనిఖీ సంస్థను నడపడంలో భాగస్థులయ్యారు.

ఇక ఈ కౌన్సిల్‌కైనా, అంతకుముందు అకార్డ్‌కైనా, ఒప్పుకున్న బ్రాండ్లకు సరుకు పంపే ఫ్యాక్టరీల వరకే అధికారం. ఇరుకు వీధుల్లో అద్దె అంతస్తులు తీసుకుని, స్థానిక బజారుకో పెద్ద ఫ్యాక్టరీల దగ్గర తెచ్చుకున్న పనికో కుట్టే చిన్న యూనిట్లు ప్రభుత్వ తనిఖీ శాఖకే మిగిలాయి.