పోకర్ చేతి ముక్కల లెక్కలు కోర్టు మెట్లెక్కిన వైనం

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. దానిపై వేర్వేరు హైకోర్టుల్లో పడిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. పోకర్ నేర్పా, అదృష్టమా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. రమ్మీని ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటగా గుర్తించిన సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసు గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరి పేక ఆడుతున్న గణితవేత్త స్టానిస్లా ఊలామ్‌కు 1946లో మాంటె కార్లో పద్ధతి (యాదృచ్ఛికంగా చాలాసార్లు ఆడించి సగటు తీయడం) తట్టిన కథా తెలిసిందే. అవి వదిలేద్దాం. నేటి పేచీ అర్థం కావాలంటే వెళ్లాల్సింది 2012 నాటి న్యూయార్క్‌కు.

ముందు లెక్క సంగతి. టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా అయిదు. చేతికొచ్చే జంటలు 1,326 రకాలు. ఇస్పేటా, ఆఠీనా అన్న తేడా పక్కనపెట్టి, రెండూ ఒకే గుర్తువా కాదా అన్నది మాత్రమే చూస్తే 169. రెండు ఆసులకు ఎదురుగా ఎవరో ఒకరు ఏవో రెండు ముక్కలతో కూర్చున్నారనుకుంటే, సాధ్యమైన పంపకాలు దాదాపు 210 కోట్లు. నేటి కంప్యూటర్ అన్నీ పంచి చూడగలదు. గెలుపులో ఆసుల వాటా సుమారు 85 శాతం. బల్ల చుట్టూ పదిమంది కూర్చుంటే మాత్రం అన్నీ పంచడం ఎవరి తరమూ కాదు, యాదృచ్ఛికంగా కొన్ని పంచి సగటు తీయాల్సిందే. పదివేల పంపకాలకు ఒక శాతం అటూ ఇటూ తేడా రావచ్చు, పది లక్షలకు అది శాతంలో పదోవంతుకు తగ్గుతుంది. తొమ్మిదిమంది ప్రత్యర్థుల ముందు అవే ఆసులు గెలిచేది మూడింట ఒకవంతు కన్నా తక్కువే.

ఈ లెక్కలు పేకాటరాయుళ్ల నమ్మకాలను కొన్నిటిని తలకిందులు చేశాయి. వేరువేరు గుర్తుల ఏడు, రెండే అన్నిటికన్నా చెత్త చేయి అని లోకం మాట. ఎదురుగా ఒక్కరే ఉంటే అంతకన్నా చెత్తది మూడు, రెండు. ఇంకో విచిత్రం: రెండు రెండ్లు వేరు గుర్తుల ఆసు, రాజు మీద స్వల్పంగా పైచేయి. ఒకే గుర్తు జాకీ, పది ఆ రెండ్ల మీద పైచేయి. ఆసు, రాజు ఆ జాకీ, పది మీద పైచేయి. ఏది గొప్ప అంటే ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పమనాలి.

అయితే ఈ సిమ్యులేషన్లలో ఎవరూ ప్యాక్ చెప్పరు. పందెం పెంచరు, బ్లఫ్ కొట్టరు. ఆఖరి ముక్క దాకా అందరూ కూర్చుంటారు. అలాంటి ఆటలో మిగిలేది అదృష్టమే. నిజం ఆట వేరు. పోకర్‌స్టార్స్ అనే ఆన్‌లైన్ పోకర్ సైటులో జరిగిన 10.3 కోట్ల ఆటలను 2009లో సిజిటల్ సంస్థ పరిశీలిస్తే, 75.7 శాతం ఆటలు ముక్కలు తిప్పి చూపేలోపే ముగిశాయి. మిగతావాళ్లు పడేశారు కాబట్టి ఒకరు గెలిచారు.

బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో ఈ రెండు లెక్కలూ ఢీకొన్నాయి. స్టేటెన్ ఐలండ్‌లో ఎలక్ట్రిక్ సైకిళ్ల గోదాము వెనక పోకర్ గది నడిపిన వ్యక్తి మీద అక్రమ జూదం కేసు. ఆయన పక్షాన ఆర్థికవేత్త రాండల్ హీబ్ 41.5 కోట్ల ఆటల లెక్క తెచ్చాడు. ప్రభుత్వ పక్షాన డేవిడ్ డిరోసా కంప్యూటర్‌లో వెయ్యిమందితో తలా పదివేలసార్లు నాణెం ఎగరేయించాడు, బొమ్మ పడితే డాలరు లాభం, బొరుసు పడితే నష్టం. చివరికి కొందరు లాభంలో, కొందరు నష్టంలో. గెలిచేవాళ్లుంటారు కాబట్టి నేర్పుందనడం చెల్లదని ఆయన వాదన. తెలివైన దెబ్బే. పదివేల టాసుల తర్వాత నూరు డాలర్ల తేడా మామూలు విషయం. కానీ హీబ్ చూపింది గెలిచినవాళ్లున్నారని మాత్రమే కాదు. చేతికొచ్చిన అవే ముక్కలతో, మిగతా ఆటల్లో రాణించినవాళ్లు ఎక్కువ మిగుల్చుకుంటున్నారని, తప్పకపోతే తక్కువ పోగొట్టుకుంటున్నారని. ముక్కలు ఒకటే అయినప్పుడు తేడా ఆడేవాడిదే కదా. నాణెం దగ్గర దీనికి జవాబు లేదు. అంకెలన్నీ ఆట నడిపే కంపెనీ దగ్గర్నుంచే వచ్చాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

2012 ఆగస్టు 21న జడ్జి జాక్ వైన్‌స్టీన్ హీబ్ మాటే నిలిపాడు, పోకర్‌లో నేర్పుదే పైచేయి కాబట్టి ఫెడరల్ చట్టం కింద అది జూదం కాదన్నాడు. ఏడాది తిరక్కుండా, 2013 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఎలా కొట్టేసిందన్నదే కీలకం. హీబ్ లెక్క తప్పని అనలేదు. రాష్ట్ర చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఆట నడిపితే చాలు, ఫెడరల్ చట్టానికి నేర్పు ప్రసక్తే అక్కర్లేదంది.

మన దగ్గరా జరిగింది ఇదే. 2017 డిసెంబరులో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను అదృష్టం ఆటగా తేల్చింది. అది కనీసం ప్రశ్నకు జవాబు. అదే ఏడాది తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ జూద చట్టాలు సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బాటకు నేర్పు అనే సాకు లేకుండా చేశాయి. 2025 కేంద్ర చట్టం ఇంకా సూటిగా, నేర్పు ఉన్నా, అదృష్టం ఉన్నా, రెండూ ఉన్నా ఒకటేనంది. వ్యసనం, అప్పులు, ఆత్మహత్యలు ప్రభుత్వం చెబుతున్న కారణాలు. వాటికి 169 చేతుల పట్టికలో జవాబు లేదు.

కేంద్ర చట్టం ఆన్‌లైన్ ఆటకే. బల్లమీద ఆడే పోకర్ రాష్ట్రాల చట్టాల కిందే ఉండిపోయింది. ఆగ్రాలో పోకర్, రమ్మీ కేంద్రానికి అధికారులు అనుమతి నిరాకరిస్తే, ఊహల మీద కాదంటే కుదరదు, మళ్లీ చూడమని 2024 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. నేర్పు లెక్కలకు ఇంకా చోటున్నది అలాంటి కేసుల్లోనే.